జపాను భాషలో నిత్యవ్యవహార క్రియలు

జపాను దేశమున నుద్యోగము చేయుచున్న భర్తకడకు ప్రయాణము కానున్న యొక సోదరి మాకొక జాబు వ్రాసినది. అంగడిలో మాటాడుటకైనను నాలుగు ముక్కలు నేర్వవలెనని పుస్తకము తెరచినదట. ఆ లిపిని జూడగనే ధైర్యము జారిపోయినదట. "ఈ వయస్సున నాకిది యబ్బునా?" యని యామె ప్రశ్న. తప్పక యబ్బునని మా యుత్తరము.

ఆ భాషలో మనకు మొదట వలసినవి క్రియలు. వాక్యమున క్రియ మన తెలుగునందు వలెనే చివరకు వచ్చును. 'గోహన్ ఓ తబెరు' అనగా 'అన్నమును తినును' అని యర్థము. 'ఓ' యనునది మన 'ను' వంటిది. నేను తిందును, నీవు తిందువు, ఆమె తినును అని మనము మార్చునట్లు వారు మార్చరు. అందరికిని 'తబెరు' ఒక్కటే. తినెననుటకు 'తబెత', తినదనుటకు 'తబెనై'. క్రొత్తవారితోను పెద్దలతోను మర్యాదగా 'తబెమసు' అనవలెను. 'తబెతె' యనగా తిని, 'మిరు' అనగా చూచు. రుచి చూడుటకు వారును మనవలెనే 'తబెతె మిరు', తిని చూచు, అందురు!

ఇక వ్రాత. క్రియకు సాధారణముగ రెండు భాగములుండును. తల, చీనానుండి వచ్చిన భావాక్షరము. దానిని కంజి యందురు. తోక, హిరగన యను అక్షరములతో వ్రాయబడును. తినుటను దెలుపు కంజి ప్రక్కన 'బెరు' అని చేర్చిన 'తబెరు'. 'బెత' అని చేర్చిన 'తబెత'. తల మారదు, తోకయే మారును. 'కిరు' అనగా ధరించుట, కోయుట కూడను. హిరగనలో రెండును ఒక్కరీతినే యుండును. కంజిని జూచినచో చీర కట్టుటయో కూర తరుగుటయో తెలియును.

2010 సంవత్సరపు ప్రభుత్వ పట్టికలో నిత్యోపయోగ కంజులు 2,136 గలవు. వానిని జూచి బెదరవలదు. హిరగన మూలాక్షరములు 46 మాత్రమే. అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలగును. ఈ క్రమము సంస్కృత వర్ణక్రమము ననుసరించి యేర్పడినదే.

ఈ హిరగనకు పూర్వము 'ఒన్నదె', అనగా స్త్రీల చేవ్రాత, యని పేరుండెను. చీనావిద్య పురుషుల సొత్తని యెంచిన కాలమది. మురసకి షికిబు అను నామె, తండ్రి తన సోదరునకు చీనాగ్రంథములు చెప్పుచుండగా ప్రక్కనుండి విని నేర్చినది. ఈమె మగబిడ్డ కాకపోయెనే యని తండ్రి విచారించినట్లు ఆమెయే తన దినచర్యలో వ్రాసికొన్నది. 11వ శతాబ్ది ప్రారంభమున నామె రచించిన 'గెంజి' కథ నేటికిని జపాను సాహిత్యమునకు శిరోభూషణము.

కావున సోదరీ, రోమను లిపిని ఊతగా గొనక మొదట నీ 46 అక్షరములను దిద్దుము. పిదప దినమునకొక క్రియ చాలును. నీరు త్రాగునపుడు 'నొము', పత్రిక చదువునపుడు 'యొము', జాబు వ్రాయునపుడు 'కకు' అని పైకనుచు, వాని కంజులను తోకలతో గూడ నొక్కొకసారి వ్రాయుము. మురసకి ప్రక్కనుండి విని నేర్వవలసి వచ్చినది. నీకు పుస్తకము నీ యెదుటనే యున్నది.