కుర్రకారు కారెక్కితే

స్పోర్ట్స్ కారు అంటే నేలకు ఆనుకుని నడిచే, ఎక్కువగా రెండు తలుపులే ఉండే, సామాను కన్నా వేగానికీ మలుపుకీ పెద్దపీట వేసే బండి. సికింద్రాబాదులో ఇది రోజూ ఎదురుపడే వస్తువు కాదు. ఆదివారం తెల్లవారుజామున, లారీలూ ఆర్టీసీ బస్సులూ ఇంకా పల్చగా ఉన్న వేళ, ప్యారడైజ్ నుంచి కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్ మీదుగా శామీర్‌పేట దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కే దారిలో ఒకటీ అరా కనబడతాయి. కనబడిన ప్రతిసారీ ఛాయ్ హోటల్ ముందు ఒక తీర్పు వెలువడుతుంది. ఆ తీర్పు కారును బట్టి ఉండదు, లోపల కూర్చున్నవాడి జుట్టును బట్టి ఉంటుంది. నెరిసిన తల అయితే "కష్టపడి సంపాదించాడు, అనుభవిస్తున్నాడు." నల్లటి తల అయితే "బాప్ కా పైసా." జుట్టుకు రంగేసుకున్న పెద్దమనుషుల దగ్గర మాత్రం ఈ కొలత కాస్త తడబడుతుంది.

తీర్పు ఛాయ్ హోటల్‌తో ఆగదు. చదువుకున్న ఇళ్లలోనూ, టీవీ చర్చల్లోనూ, కారు షోరూమ్ గుమ్మం దగ్గరా ఇదే మాట మర్యాద ముసుగు వేసుకుని వినబడుతుంది. విడదీసి చూస్తే ఇందులో మూడు ఆరోపణలున్నాయి. ఆ డబ్బు కుర్రవాడిది కాదు. ఆ బండి గురించి వాడికి తెలియదు. రోడ్డు మీద వాడు ప్రమాదం. మొదటిది అర్థం లేనిది, రెండోది అబద్ధం. మూడోదాంట్లో సగం నిజం ఉంది, ఆ సగాన్ని అడ్డం పెట్టుకునే మిగతాదంతా చెల్లుబాటవుతోంది.

డబ్బు సంగతి ముందు. తండ్రి సొమ్ముతో బతకడం ఈ ఊళ్లో ఎప్పుడు తప్పయింది? ఊరి పేరే 1806లో నిజాం సికందర్ జా పేరు మీద పెట్టింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1869లో గద్దెనెక్కేనాటికి ఆయనకు మూడేళ్లు కూడా నిండలేదు. అంతకు మించిన వారసత్వం ఎవరికుంటుంది? ఆయన 1911లో తెప్పించుకోవాలనుకున్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఆయన పోయాక గాని రాలేదు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని వాడింది బహు తక్కువ. ఆ కారు ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. టికెట్టు కొని వెళ్లి దాని పక్కన నిలబడి ఫొటో దిగే జనంలో ఒక్కరు కూడా "బాప్ కా పైసా" అనరు. ఉస్మాన్ అలీ ఖాన్ మనవడు ముకర్రం జా 1967లో కొడుకు వరసను దాటి నేరుగా తాత వారసుడయ్యారు. ఆయనకు దర్బారు కన్నా గ్యారేజీ ఇష్టం. ఆస్ట్రేలియాలో గొర్రెల ఎస్టేటు కొని బుల్డోజర్లు తోలుకుంటూ గడిపారు. దాన్ని రాజుగారి ముచ్చట అని కథలు కథలుగా చెప్పుకుంటారు.

రాజుల మాట వదిలేసినా లెక్క మారదు. తాత వదిలివెళ్లిన 1940ల నాటి బ్యూక్‌ను మెరుగుపెట్టి వింటేజ్ ర్యాలీకి తెస్తే అది సంస్కృతి. తండ్రి వాడిన పోర్షాను కొడుకు తోలితే అది పొగరు. రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల దుకాణం, మారేడుపల్లిలో మూడొందల గజాల ఇల్లు తండ్రి నుంచి కొడుక్కి వస్తే ఎవరూ నోరెత్తరు, పైగా నిలబెట్టుకున్నాడని మెచ్చుకుంటారు. వారసత్వం మీద కోపం ఉంటే అది గజాల మీదా ఉండాలి, చక్రాల మీద మాత్రమే ఉండకూడదు.

అసలు కోపం డబ్బు ఎవరిదన్న దాని మీద కాదు, డబ్బు ఖర్చయిన వరుస మీద. తెలుగింటి లెక్కలో ముందు ప్లాటు, ఆ తర్వాత బంగారం, చెల్లెలి పెళ్లి, సొంతిల్లు, పిల్లల చదువు. అన్నీ అయ్యాక, మోకాళ్లు నొప్పి పుట్టే వయసుకు, ఒక సరదా. ఇరవై ఎనిమిదేళ్లవాడు ఈ వరుసను తిరగేసి ముందు సరదా తీర్చుకుంటే ఇంటిల్లిపాదికీ గుండె ఆగినంత పని అవుతుంది. కారు విలువ ఏటికేడూ పడిపోతుంది, ప్లాటు విలువ పెరుగుతుంది అన్న వాదన నిజమే. కానీ ఆ వాదన చేసేవాళ్లు బోయిన్‌పల్లి, తిరుమలగిరి ఫంక్షన్ హాళ్లలో ఒక్క రాత్రి పూలకీ దీపాలకీ భోజనాలకీ పోసే డబ్బు తెల్లారేసరికి సున్నా అవుతుంది. కారు కనీసం పదేళ్లు నడుస్తుంది.

పైగా నల్లటి తలలన్నీ తండ్రుల సొమ్ము మీద ఉన్నాయనుకోవడం ఊరు మారిన సంగతి గమనించకపోవడమే. హైటెక్ సిటీ వైపు పాతికేళ్లకే పెద్ద జీతాలు, కంపెనీ వాటాలు అందుకుంటున్న తరం ఒకటి వచ్చింది. వాళ్లలో చాలామంది కొనేది కొత్త కారు కూడా కాదు. పది పన్నెండేళ్లు నడిచిన జర్మన్ రెండు సీట్ల కారు ఇవాళ కొత్త ఫార్చ్యూనర్ ధరకో, అంతకు తక్కువకో దొరుకుతుంది. అదే ఈఎంఐ కట్టి తెల్ల ఫార్చ్యూనర్ కొన్న కుర్రవాణ్ని ఎవరూ నిలదీయరు, ఏ నాయకుడి తాలూకో అని దారి ఇస్తారు. స్పోర్ట్స్ కారులో దిగిన ఆడపిల్లకైతే "బాప్ కా పైసా" అన్న అనుమానం కూడా దక్కదు. కారు ఎవరిదని నేరుగా అడిగేస్తారు.

స్పోర్ట్స్ కారు నడివయసు దాటినవాళ్ల బండి అన్న భావన పడమటి దేశాల నుంచి వచ్చింది. అక్కడ వాటిని కొనేవాళ్లలో యాభై దాటినవాళ్లే ఎక్కువ. కారణం అభిరుచి కాదు, ధర. చైనాలో సంపద కుర్రవాళ్ల చేతికి త్వరగా వచ్చింది కాబట్టి పోర్షా కొనేవాళ్ల సగటు వయసు ముప్పైల్లోనే ఉంది. కాళ్లు సరిగా మడవలేని వయసులో నేలబారు సీటులోకి దిగడం, అందులోంచి లేవడం చూసినవాళ్లకు ఈ బండి ఎవరి ఒంటికి సరిపోతుందో వేరే చెప్పనక్కర్లేదు.

రెండో ఆరోపణ, వాడికి బండి గురించి తెలియదని. దీనికి జవాబు స్పీడ్ బ్రేకర్ దగ్గర దొరుకుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున మెల్లగా లేచి మెల్లగా దిగాలి. కాలనీల్లో రాత్రికి రాత్రి పోసే దిమ్మలకు ఆ ప్రమాణంతో చుట్టరికం లేదు. అలాంటి దిమ్మ ముందు కుర్రవాడు కారు ఆపుతాడు. మీట నొక్కితే ముక్కు నాలుగు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. ఆ సదుపాయం లేని పాత కారైతే స్టీరింగ్ పక్కకు తిప్పి, ఐమూలగా, ముందు ఎడమ చక్రం, తర్వాత కుడి, తర్వాత వెనకవి, ఒక్కొక్కటిగా ఎక్కించి దింపుతాడు. అడుగు భాగం గీసుకుంటుందేమోనని అద్దం దించి చెవి బయటపెట్టి వింటాడు. వెనక ఆటో హారన్ ఆగదు. పక్కన బైకు మీద ఇద్దరు ఫోను పైకెత్తి "రేజ్ చెయ్ అన్నా" అని కేకేస్తారు. వాడు చెయ్యకపోతే "ఫోజు," చేస్తే "పొగరు." కుర్రకారు ఆగడాల గురించి మాట్లాడే ఊరు, ఆ ఆగడాలను అడిగి మరీ చేయించుకుంటుందన్న సంగతి ఎక్కడా లెక్కలోకి రాదు.

కొత్తది కొని కంపెనీ సర్వీసుకు పంపే పెద్దాయన కన్నా, పాతది కొని విడిభాగాల కోసం రాణిగంజ్ సందులూ విదేశీ పార్సిళ్లూ వెతుక్కునే కుర్రవాడికే బండి ఎక్కువ తెలుస్తుంది. తెలియకపోతే నడవదు. సికింద్రాబాదులోనే 1971 మే 1న పుట్టిన తమిళ నటుడు అజిత్ కుమార్ కథ ఇక్కడ పనికొస్తుంది. సినిమాల్లోకి రాకముందు కుర్రతనంలో ఆయన మోటారు సైకిళ్ల మెకానిక్ పని నేర్చుకున్నారు. 2003లో ఫార్ములా బీఎండబ్ల్యూ ఏషియాలో, 2010లో ఫార్ములా టూలో పోటీ పడ్డారు. 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసుకు ముందు సాధనలో ఆయన నడుపుతున్న పోర్షా గోడను ఢీకొని గిరగిరా తిరిగింది. ఆయన క్షేమంగా బయటపడ్డారు, ఆ రేసులో ఆయన జట్టు తన తరగతిలో మూడో స్థానం సాధించింది. 53 ఏళ్ల మనిషి గోడను ఢీకొంటే దేశమంతా ధైర్యమని మెచ్చుకుంది. మెచ్చుకోవలసిందే. కానీ ఆ ధైర్యానికి పునాది పడింది కుర్రతనంలో, చేతులకు గ్రీజు అంటుకున్న రోజుల్లో. ఆ వయసులోనే బండి ముట్టుకోనివ్వకపోతే యాభైల్లో మెచ్చుకోవడానికి ఎవరూ మిగలరు.

ఇక ప్రమాదం. దీన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. కొత్తగా లైసెన్సు తీసుకున్న కుర్రవాళ్లు ఎక్కువ ప్రమాదాలు చేస్తారన్నది ప్రపంచమంతటా తేలిన విషయం. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అన్న సామెత ఊరికే పుట్టలేదు. అయితే మన రోడ్ల మీద కుర్రవాళ్లు చస్తున్నది స్పోర్ట్స్ కార్లలో కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. డిగ్రీ చదివే కొడుక్కి మూడు లక్షలు పెట్టి కేటీఎం 390 డ్యూక్ కొనిచ్చే తండ్రి స్పోర్ట్స్ కారు కుర్రవాణ్ని చూసి తల ఊపుతాడు. ఆ బైకు దాదాపు 33 కిలోవాట్ల శక్తితో 170 కిలోల బరువును లాగుతుంది, అంటే టన్నుకు సుమారు 190 కిలోవాట్లు. మామూలు పోర్షా 911 క్యారెరా 290 కిలోవాట్లతో టన్నున్నర బరువును లాగుతుంది. అదీ టన్నుకు సుమారు 190 కిలోవాట్లే. నడిపేవాడి బరువు కలిపితే బైకు కొంత వెనకబడుతుంది, కానీ దానికి ఎయిర్‌బ్యాగ్ లేదు, సీటు బెల్టు లేదు, చుట్టూ ఉక్కు లేదు.

2024 మే 19న పుణెలో జరిగిన దాన్ని అందరూ ఉదాహరణగా ఎత్తుతారు. పోర్షా టేకాన్ నడిపిన 17 ఏళ్ల బాలుడు బైకు మీద వెళుతున్న ఇద్దరు ఇంజినీర్లను చంపాడు. బెయిలు షరతుల్లో 300 పదాల వ్యాసం ఒకటి రాయమన్నారని విని దేశం మండిపడింది. అందులో తప్పు యువ యజమానిది అనడానికి అక్కడ యువ యజమానే లేడు. కారు కుటుంబానిది, బాలుడికి లైసెన్సు వచ్చే వయసే కాదు, బండికి శాశ్వత రిజిస్ట్రేషన్ కూడా లేదు. రక్త నమూనాలు మార్చారన్న ఆరోపణపై అరెస్టయిన వైద్యులు, తండ్రి, అందరూ పెద్దవాళ్లే. మైనరు చేతికి తాళం ఇచ్చినవాళ్లను శిక్షించడానికి 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 199ఎ సెక్షన్ వచ్చింది. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు లేదు. "కుర్రకారు చెడిపోయింది" అన్న మాట ఎంత గట్టిగా వినిపిస్తే ఈ సెక్షన్ గురించిన మాట అంత సన్నగా వినబడుతుంది. మొత్తం తరాన్ని తిట్టడం తేలిక, పక్కింటి పెద్దాయన మీద ఫిర్యాదు చేయడం కష్టం.

వయసును కాక అనుభవాన్ని కొలిచే పద్ధతులు ఉన్నాయి. ఫెరారీ, లంబోర్గినీ పుట్టిన ఇటలీలో 2024 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, మామూలు కారు లైసెన్సు వచ్చిన మొదటి మూడేళ్లూ టన్నుకు 75 కిలోవాట్లు, మొత్తం 105 కిలోవాట్లు దాటిన కారు నడపకూడదు. యాభై ఏళ్లకు తొలిసారి లైసెన్సు తీసుకున్న పెద్దమనిషికీ ఇదే వర్తిస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో 2019లో అదుపు తప్పిన లంబోర్గినీ ఒకటి 15 ఏళ్ల బాలికను బలిగొంది. నడిపింది ముప్పైల్లో ఉన్న మనిషి. ఆ తర్వాత వచ్చిన చట్టం 2024 డిసెంబరు 1 నుంచి టన్నుకు 276 కిలోవాట్లు, ఆపైన ఉన్న కార్లకు 'యు' తరగతి లైసెన్సు తప్పనిసరి చేసింది. వయసెంతైనా మినహాయింపు లేదు. ట్రాక్షన్ కంట్రోల్ వంటి రక్షణ ఏర్పాట్లను ఆపేసి నడపడం కూడా ఆ కార్లలో నేరమే.

మన దగ్గర ఇలాంటి అంతరువు ఒక్కటీ లేదు. బీమా కంపెనీ కూడా ప్రీమియం లెక్కగట్టేటప్పుడు బండి వయసు, ఇంజిన్ సామర్థ్యం, విలువ, ఊరు చూస్తుంది గాని నడిపేవాడి అనుభవాన్ని పట్టించుకోదు. తిరుమలగిరి ఆర్టీఏ ట్రాక్ మీద చిన్న ఆల్టోతో పరీక్ష పాసైనవాడికి దక్కేది తేలికపాటి వాహనాల లైసెన్సు. వాడికి 18 ఏళ్లయినా 58 ఏళ్లయినా, మర్నాడు పొద్దున్నే 911 తాళం జేబులో వేసుకుని కార్ఖానా రోడ్డెక్కడానికి ఆ ఒక్క కార్డు చాలు.