పందెం ఎద్దుకు సరే, ఆవుకు బీడేది?

అమెరికాలో రోడియో అనే కౌబాయ్ ఆటల పోటీల్లో జనం ఊపిరి బిగబట్టి చూసేది ఎద్దు సవారీ. ఒంటిచేత్తో తాడు పట్టుకుని, రెండో చెయ్యి ఎద్దుకు తగలకుండా గాల్లోనే ఉంచి, ఎనిమిది సెకన్లు కిందపడకుండా నిలవాలి. ఆ ఎద్దుల్లో చాలావాటి ఒంట్లో ఉన్నది బ్రాహ్మన్ రక్తం. మన దేశం నుంచి వెళ్ళిన గిర్, కాంక్రేజ్, నెల్లూరు పశువుల్ని కలిపి అక్కడివాళ్ళు తయారుచేసుకున్న జాతి అది. నెల్లూరు పశువంటే మన ఒంగోలు పశువే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, అందుకే పరదేశంలో ఆ పేరు స్థిరపడింది. రోడియోలో మిగతా అంశాలు చాలావరకు పశుక్షేత్రం పనుల్లోంచి పుట్టినవే. దూడకు ముద్ర వేయాలంటే తాడు విసిరి పట్టాలి, మచ్చిక కాని గుర్రాన్ని ఎక్కి లొంగదీయాలి. ఎద్దునెక్కే అవసరం మాత్రం ఏ కౌబాయ్‌కీ రాలేదు. అది అచ్చంగా చూసేవాళ్ళ కోసం పుట్టిన ఆట. మన పశువు పేరు మోగింది సరిగ్గా అక్కడే. అయినా ఆ ఆట వెనక పచ్చికబయలూ, ఆవుల మందా, ఏటా పుట్టే దూడలూ ఉన్నాయి. పని బతికి ఉంది కాబట్టి ఆటకు ఎద్దుల కొరత లేదు.

మన దగ్గర కథ తలకిందులైంది. నెల్లూరు, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో సంక్రాంతికీ తిరునాళ్ళకూ బండలాగుడు పోటీలు ఘనంగా జరుగుతున్నాయి. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అంటూ నోరు తెరిచి చూసి జతల్ని విభాగాలకు పంపుతారు. ఇచ్చిన నిమిషాల్లో బండ ఎన్ని అడుగులు కదిలిందో కొలిచి మైకులో చెబుతుంటే జనం ఈలలు వేస్తారు. వీటిలో ‘సేద్యపు విభాగం’ అని ఒకటి ఉంది. కోట, వాకాడు మండలాల వరి మడుల్లో దమ్ము ట్రాక్టర్ చేతికి వెళ్ళి చాలాకాలమైంది. సేద్యం వదిలేసిన ఎద్దుకు సేద్యం పేరుతో పోటీ మిగిలింది. ఈ పోటీలే ఒంగోలు జాతిని కాపాడుతున్నాయని నిర్వాహకులు అంటారు, నాయకులూ వేదికలెక్కి అదే చెబుతారు. నా అభిప్రాయం వేరు. పోటీ కాపాడేది కొద్దిమంది మోతుబరుల కొట్టాల్లోని కొన్ని జతల్నే. జాతిని నిలిపేది ఆవు, ఆవును నిలిపేది బీడు. ఆ రెండింటినీ ఎవరూ పట్టించుకోవడం లేదు.

బ్రెజిల్‌ను చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పంతొమ్మిదో శతాబ్దం నుంచి విడతలు విడతలుగా అక్కడికి చేరిన మన పశువే ఇప్పుడు ‘నెలోర్’ పేరుతో ఆ దేశపు మాంసపు పశువుల్లో అత్యధిక భాగం. 1960ల తొలినాళ్ళలో వెళ్ళిన ఒక ఆంబోతుకు ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే పెట్టారు. అక్కడి మేలుజాతి వంశావళుల్లో ఇప్పటికీ ఆ పేరు కనిపిస్తుంది. 2023లో ధరలో ప్రపంచ రికార్డు కొట్టిన వియాటినా-19 అనే నెలోర్ పశువు విలువ 2.1 కోట్ల రియాళ్ళు, మన లెక్కలో 35 కోట్ల రూపాయలకు పైమాటే. ఆ వార్తకు ఇక్కడ మనమంతా మీసం మెలేశాం. అయితే వియాటినా ఎద్దు కాదు, ఆవు. అక్కడ డబ్బు పోసింది దూడల్ని కనే తల్లి మీద. బరేతోస్ పట్టణంలో 1956 నుంచి పేరుమోసిన రోడియో జరుగుతున్నా, జాతిని కాపాడే బాధ్యతను ఆ పండగ మీద ఎవరూ పెట్టలేదు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. బ్రెజిల్ ఆవును పోషిస్తున్నది మాంసం. మన రాష్ట్రంలో 1977 చట్టం గోవధను నిషేధించింది, జనం మనసూ దానికి ఒప్పదు. పాలకైతే జెర్సీ సంకరజాతి ఎక్కువ ఇస్తుంది. మరి ఒంగోలు ఆవును రైతు ఏ లాభం చూసుకుని మేపాలి? న్యాయమైన ప్రశ్న. దీనికి పోటీల వాదం దగ్గర జవాబు లేదని మాత్రం గమనించాలి. బండ లాగే గిత్తకు లక్షలు పెట్టేవాడు దాని తల్లి మేతకు పైసా ఇవ్వడు. వట్టిపోయిన ఆవు ఖర్చు రైతు నెత్తిన పడుతుంది, గెలిచిన ఎద్దు పేరు యజమానికి పోతుంది.

పోటీలు లేకుండానే జాతి నిలుస్తుందనడానికి నెల్లూరు తీరంలోనే ఇంకో సాక్ష్యం ఉంది. నెల్లూరు గొర్రెకు పోటీల్లేవు, వేదికల్లేవు, పూలదండల్లేవు. తెల్లటి పల్ల, మూతీ కళ్ళ చుట్టూ నల్లమచ్చల జోడిపి, గోధుమరంగు దోర అని మూడు రకాలున్న ఈ గొర్రె అయినా నిలిచే ఉంది. 2019 గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు సుమారు 1.76 కోట్లు, తెలంగాణ తర్వాత దేశంలో రెండో స్థానం. గొర్రెకు సంతలో ధర ఉంది, వెంట నడిచే కాపరి ఉన్నాడు. కోత అయిపోయిన మడిలో రాత్రికి మంద కట్టిస్తే రైతుకు ఎరువు, కాపరికి కూలి. వందల జీవాల్లో కుంటేదాన్ని నడకలోనే పసిగట్టడం, ఈనిన పిల్లను తల్లి దగ్గరికి చేర్చడం, మందను పైరు మీద పడకుండా గట్టు వెంట నడిపించడం ఇవన్నీ పని నేర్పిన విద్యలు. కౌబాయ్ నేర్పును సినిమాల్లో చూసి అబ్బురపడే మనం, గూడూరు దారిలో మంద అడ్డొస్తే హారన్ కొడతాం.

ఆ కాపరికి కూడా ఇప్పుడు కాలు పెట్టే చోటు తగ్గుతోంది. 1990లలో తీరం వెంట రొయ్యల గుంటలు విస్తరించాయి. 1996లో సుప్రీంకోర్టు వాటికి వ్యతిరేకంగా గట్టి తీర్పే ఇచ్చినా ఆ వ్యాపారం ఆగలేదు. ఇప్పుడు కోట, చిల్లకూరు మండలాల తీరాన కృష్ణపట్నం పారిశ్రామిక వాడ వస్తోంది, 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఉద్యోగాలొద్దని ఎవరూ అనరు, నేనూ అనను. కాగితాల్లో ‘బంజరు’, ‘పోరంబోకు’ అని రాసిన భూమి పశువులకు మేతబీడన్న సంగతి మాత్రం లెక్కలోకి రావాలి. కొంత బీడును మేతకని సర్వే నంబర్లతో సహా విడిగా నమోదు చేయాలి, కాపరుల దారుల్ని పటాల్లో గుర్తించాలి. పోటీలు పెట్టే కమిటీలు కూడా బహుమతి సొమ్ములో సగం ఒంగోలు ఆవులకు కేటాయించవచ్చు: ఎన్ని ఈతలు ఈనింది, దూడలు ఎలా ఉన్నాయి అని చూసి ఇవ్వొచ్చు. ఆవు విభాగం పెడితే ఈలలు పడవని ఎవరైనా అంటే అది నిజమే. అక్కడ నోరు తెరిచి పళ్ళు చూడటానికి ఉత్సాహం ఉండదు, ఈత లెక్కల పుస్తకం తిరగేయాలి.