కథ పుస్తకంలోకి, పొలం దొరకి: ఐర్లాండ్ నుంచి మనం నేర్వాల్సింది



మన సభల్లో ఈమధ్య ఓ మాట బాగా నడుస్తోంది. "ఐర్లాండ్ వాళ్లు సాహిత్యంతోనే జాతిని లేపారు, మనమూ కథలు, పాటలు రాస్తే చాలు" అని. ఇది సగం నిజం. మిగతా సగం కూడా తెలుసుకోవాలి.

అసలు ఐరిష్ భాష ఎందుకు తగ్గిపోయింది? 1831లో బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన బడుల్లో చదువంతా ఇంగ్లీషే. చాలాచోట్ల పిల్లల మెడలో కర్రముక్క కట్టేవాళ్లు. ఐరిష్ మాట నోట్లోంచి వస్తే దానిమీద ఒక గాటు. చివర్లో గాట్లు లెక్కపెట్టి దెబ్బలు. పిల్లలకి బతుకుతెరువు ఇంగ్లీషులోనే ఉందని తల్లిదండ్రులూ దీనికి ఒప్పుకున్నారు. 1845లో ఆలుగడ్డ పంటకి తెగులొచ్చింది. ఆ కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్లిపోయారు. ఎక్కువ దెబ్బ తిన్నది ఐరిష్ మాట్లాడే పడమటి పేదలే. కవులు లేక కాదు, కాళ్ల కింద భూమి లేక ఆ భాష చితికిపోయింది.

తర్వాత సాహిత్య ఉద్యమం వచ్చింది. 1893లో గేలిక్ లీగ్, 1904లో యేట్స్, లేడీ గ్రెగరీ వాళ్ల అబ్బే థియేటర్. గొప్ప పనులే, కాదనను. కానీ పల్లె పేదల కథలు సేకరించిన లేడీ గ్రెగరీ జమీందారు ఇంటి మనిషి. ఆమె భర్త విలియం గ్రెగరీ, వాళ్ల పెళ్లికి చాలా ముందే, కరువు నడుస్తున్న 1847లో పార్లమెంటులో ఒక నిబంధన పెట్టించాడు. పావు ఎకరం మించి సాగు చేసుకునేవాడికి ప్రభుత్వ సాయం లేదు. గంజి కావాలంటే పొలం వదులుకోవాలి. ఆ పాపం ఆమెది కాదు. కానీ పేదోడి పొలం, పేదోడి కథ ఒకే గుమ్మంలోకి వెళ్లాయని మర్చిపోకండి.

స్వతంత్రం వచ్చాక? బ్లాస్కెట్ ద్వీపానికి చెందిన పెగ్ సేయర్స్ చెప్పిన ఆత్మకథని బడుల్లో పాఠం చేశారు. అదే ద్వీపంలో మిగిలిన కొద్దిమందిని 1953లో ప్రభుత్వమే ఒడ్డుకి తరలించింది. 1937 రాజ్యాంగంలో ఐరిష్ మొదటి అధికార భాష. 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చని చెప్పినవాళ్లు 18 లక్షలకు పైనే. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు మాత్రం సుమారు 72 వేలు!

అయితే రాయొద్దా? రాయాలి. కవి ప్యాట్రిక్ పియర్స్ కూడా రాశాడు. అంతటితో ఆగకుండా 1908లో రెండు భాషల బడి పెట్టాడు, 1916 తిరుగుబాటులో ముందు నిలబడి తూటాలకి బలయ్యాడు.

మన దగ్గర గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని సవర పిల్లల కోసం పుస్తకాలు తయారుచేసి ఎన్ని దశాబ్దాలైంది? ఇవాళ్టికీ మన పిల్లలు ఒకటో తరగతిలో అర్థంకాని భాష ముందు బిక్కమొహం వేసుకుని కూర్చుంటున్నారు. కోయ, గోండి, సవర, కువి మాట్లాడే టీచర్ని అడగకుండా, 1/70 చట్టం ఊసెత్తకుండా, ఆగస్టు 9న డోలు కొట్టి ఫొటోలు దిగితే భాష బతకదు. ఈసారి సభ పెడితే పాటతో పాటు ఈ రెండు డిమాండ్లూ కాగితం మీద రాసి ఐటీడీఏ ఆఫీసులో ఇచ్చి రండి.

జై ఆదివాసీ!