తాళం భద్రం, నకళ్లు బజారులో

ఉమీద్ పోర్టల్‌కు వక్ఫ్ దస్తావేజులు పంపవలసిన ముతవల్లీ గాని, కువైట్ వీసా కోసం తిరుగుతున్న యువకుడు గాని, స్కాలర్‌షిప్ కోరే విద్యార్థిని గాని రాజుపాలెం నుండి ప్రొద్దుటూరు వెళ్లి చేసే పని ఒక్కటే. ఫోనులోని స్కానర్ యాప్‌తో కాగితాలను ఫోటో తీసి, జిరాక్స్ సెంటరు వాట్సాప్‌కు పంపడం. పని పూర్తవుతుంది. నకళ్లు మాత్రం యాప్ క్లౌడ్‌లోనూ, సెంటరు కంప్యూటర్‌లోనూ, ఏజెంటు ఫోనులోనూ నిలిచిపోతాయి.

ఎందరో వాడిన క్యామ్‌స్కానర్‌ను కేంద్రం 2020 జూన్‌లో నిషేధించింది. అంతకుముందే దాని క్లౌడ్‌కు చేరిన పాస్‌పోర్టులు నిషేధంతో తిరిగి రావు గదా!

2019లో ఆధార్ సంస్థ ఫిర్యాదుపై హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీ మీద కేసు నమోదైంది. 7.82 కోట్ల మంది వివరాలు దాని వద్ద ఉన్నాయన్నది ఆరోపణ. తమ సర్వర్ల నుండి అవి దొంగిలించబడలేదని కూడా ఆ సంస్థే చెప్పింది. ఖజానా పగలకుండానే సొమ్ము బయట తిరగగలదన్నమాట.

మనకు ఇందులో మరో ప్రమాదం ఉంది. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది ఆధార్, బ్యాంకు వివరాలు బహిరంగంగా కనిపించాయి. వాటి పక్కనే కులం, మతం. బ్యాంకు ఖాతాను మార్చుకోవచ్చు. ఫలానా వీధిలో ముస్లిం ఇళ్లు ఏవో తెలిపే జాబితా ఒకసారి బయటపడితే దానిని మార్చేదెలా?

2023 నాటి డేటా రక్షణ చట్టం 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించగలదు. అయితే కేంద్రం తాను కోరిన ప్రభుత్వ సంస్థలను దాని నుండి మినహాయించుకోవచ్చు. ఆ మినహాయింపును మేము అంగీకరించలేము. కార్యాలయాలు ఆధార్‌ను సిబ్బంది సొంత వాట్సాప్‌కు పంపమనడం కూడా ఆగాలి.

చట్టం మారేలోగా మన చేతిలో ఉన్నవి మనం చేసుకోవాలి. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఆధార్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. అది చాలిన చోట పూర్తి కార్డు ఇవ్వవద్దు. స్కానర్ యాప్‌లో క్లౌడ్ బ్యాకప్‌ను ఆపివేయండి. పని కాగానే సెంటరువారి ఎదుటే ఫైలును తొలగింపజేసి, చెత్తబుట్టను కూడా ఖాళీ చేయించండి. సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

మసీదు కమిటీలకు ఒక మాట. జకాత్ అందుకునే వితంతువుల పేర్లు, ఫోన్ నంబర్లు లింకు ఉన్నవారందరూ తెరిచే ఆన్‌లైన్ పట్టికలో ఉంచుతున్నవారు ఈ నెలలోనే ఆ లింకును మూసివేయాలి. అధ్యక్షుడు, కోశాధికారి తప్ప మూడవవారికి ఆ జాబితాతో పనేమిటి? వారిద్దరికీ బీరువాలోని రిజిస్టరు చాలు.