ముర్రుపాల మాట ఏమైంది?

జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారికి,

కిందటేడు తల్లిపాల వారోత్సవాల సభలో, ప్రతి ప్రసూతి వార్డులోనూ బాలింతలకు పాలివ్వడం నేర్పే నర్సు రాత్రింబవళ్లు ఉంటుందని మీరు మాటిచ్చినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. మొన్న మీ ఆసుపత్రిలోనే మా అమ్మాయికి సిజేరియన్ జరిగింది. నడుముకు మత్తిచ్చారు కాబట్టి తను మెలకువగానే ఉంది, బిడ్డా బాగుంది. అయినా తల్లి రొమ్ముకు అందించకుండా పసిగుడ్డును వరండాలో నా చేతికిచ్చి, "పాలు పడలేదు, డబ్బా తెచ్చుకోండమ్మా" అన్నారు. అక్కడున్న అమ్మమ్మలూ నాయనమ్మలూ అందరూ ఫ్లాస్కులో వేణ్నీళ్లు పట్టుకొచ్చి, స్టీలు గ్లాసుల్లో పొడి కలుపుతూనే ఉన్నారు.

మీరు డాక్టరు, మీకు తెలియనిది కాదు. తల్లిపాలలో లాక్టోజు, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండే ఒలిగోశాకరైడ్లనే చక్కెరలను బిడ్డ అరిగించుకోలేదు. అవి పేగుల్లోని బిఫిడో బాక్టీరియాకు తిండి. వాటిని తిని ఆ బాక్టీరియా వదిలే ఆమ్లాల వల్ల హానిచేసే క్రిములు అంతగా పెరగలేవు. దేనితో పోరాడాలో, దేన్ని సహించాలో రోగనిరోధక కణాలు చాలావరకు నేర్చుకునేదీ పుట్టిన తొలి నెలల్లోనే, ఈ బాక్టీరియా సాయంతో. ఒడిశా పల్లెల్లో తల్లిపాలు తాగే నవజాత శిశువులకు వారంపాటు మేలుచేసే మరో బాక్టీరియా లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌ను, దానికి మేతయ్యే చక్కెరతో కలిపి పట్టిస్తే సెప్సిస్, మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయని పినాకి పాణిగ్రాహి బృందం 2017లో 'నేచర్' పత్రికలో చూపించింది.

సిజేరియన్ వద్దని నేననను, అది ప్రాణాలు నిలిపే ఆపరేషన్. కానీ అలా పుట్టిన బిడ్డలకు తల్లి నుంచి చేరవలసిన బాక్టీరియా సరిగా చేరదు కనుక, ముర్రుపాలు అందరికంటే ముందు అందవలసింది వాళ్లకే కదా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఇంతమంది బిడ్డల విషయంలో ముర్రుపాలు పట్టవలసిన ఆ తొలి గంటను సిబ్బంది తీరికకు వదిలేయడం న్యాయమా? డబ్బాపాల ప్రచారాన్ని నిషేధించిన 1992 నాటి చట్టాన్ని అమలు చేయవలసిన మీ వార్డులోనే, అవసరం ఉందో లేదో చూడకుండా డబ్బా తెమ్మంటుంటే అడిగేదెవరు?

నర్సుల కొరత అంటారేమో. మాటిచ్చిన నాడూ ఆ కొరత ఉంది. ఆ నర్సు ఏ తేదీ నుంచి వార్డులో ఉంటుందో, బిడ్డకు డబ్బాపాలు రాస్తే కారణం కేసుషీటులో నమోదు చేయిస్తారో లేదో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
మీ ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు అమ్మమ్మ