ఖాళీ కుర్చీల స్వపరిపాలన

1959 అక్టోబరులో షాద్‌నగరున జవహర్‌లాల్ నెహ్రూ పంచాయతీరాజ్యమునకు ప్రారంభోత్సవము చేసెను. రాజస్థానము తరువాత ఆ బాట పట్టిన రాష్ట్రము ఆనాటి ఆంధ్రప్రదేశమే. ఆ ఘనతను నేటికిని సభలలో చెప్పుకొనుచున్నాము. ఆ ఘనతను మోయవలసిన కుర్చీలు ఎన్ని యేండ్లు ఖాళీగా పడియుండెనో మాత్రము ఎవరును చెప్పరు.

విశాఖపట్టణ నగరపాలక సంస్థకు 2007లో ఎన్నికలు జరిగినవి. 2012లో గడువు తీరినది. మరల కార్పొరేటర్లు వచ్చినది 2021లో. ఈ తొమ్మిదేండ్ల నడుమనే, 2014 అక్టోబరులో, హుద్‌హుద్ తుఫాను నగరమును అతలాకుతలము చేసినది. అధికారులు పనిచేయలేదని అనజాలము. కాని తన వీధికి నీరు ఎన్నడు వచ్చునని నిలదీసి అడుగుటకు పౌరునికి తాను ఎన్నుకొన్న కార్పొరేటరు ఒక్కడును లేడు. హైదరాబాదు సంగతి మరింత చిత్రము. 1986 తరువాత అచట నగరపాలక ఎన్నిక జరిగినది 2002లోనే. గ్రామములును తక్కువేమియు తినలేదు. ఆంధ్రప్రదేశములో పంచాయతీల గడువు 2018 ఆగస్టులో తీరగా, 2021 ఫిబ్రవరిలో గాని పోలింగు జరుగలేదు. కరోనా అడ్డు వచ్చిన మాట నిజమే. అది వచ్చునప్పటికే ఏడాదిన్నర గడచిపోయినది. తెలంగాణములో 2024 ఆరంభము నుండి 2025 డిసెంబరు వరకు ప్రత్యేకాధికారులదే రాజ్యము.

చట్టములో లోపమా? 1993లో అమలులోనికి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు స్పష్టముగనే చెప్పినవి: పాలకవర్గమునకు అయిదేండ్లే ఆయువు, అది తీరకమునుపే ఎన్నిక పూర్తికావలెను. 2006లో సుప్రీంకోర్టు కిషన్‌సింగ్ తోమర్ కేసులో ఇదే మాట గట్టిగా పలికినది. కిటుకు వేరొక చోట ఉన్నది. రాష్ట్ర ఎన్నికల సంఘము తేదీ ప్రకటింపవలెనన్నచో అంతకుముందే వార్డుల విభజన, రిజర్వేషన్ల ఖరారు జరుగవలెను. ఆ రెండును ప్రభుత్వము చేతి పనులు. ముహూర్తము పురోహితుడు పెట్టును గాని, పందిరి వేయువాడు గుంజలు తేనిచో ఆ ముహూర్తమేమి కావలెను?

తెలంగాణమునే చూడుడు. వెనుకబడిన తరగతులు జనసంఖ్యకు తగిన వాటా కోరుట న్యాయమే. దానిని నేను కాదనను. అయితే ఇంటింటి కులసర్వే మొదలైనది 2024 నవంబరులో. పంచాయతీల గడువు ఆ జనవరితోనే తీరినది. 42 శాతము కోటా ఉత్తరువుపై 2025 అక్టోబరులో హైకోర్టు స్టే ఇచ్చినది. తుదకు 50 శాతము పరిమితికి లోబడియే ఎన్నికలు జరిగినవి. రెండేండ్లు పోయినవి, కోరిన వాటాయు చేతికి రాలేదు. గడువునకు ఏడాది ముందే ఈ లెక్కలు తేలవలెనని, తేలనిచో ఉన్న రిజర్వేషన్లతోనే ఎన్నిక జరుగునని శాసనము చేసినచో, తాత్సారము వలన ఎవరికిని లాభముండదు.

నడుమ ఖాళీపడు స్థానముల కథ దీనికి తోబుట్టువు. శాసనసభ్యుడు మరణించినచో సాధారణముగా ఆరు నెలలలో ఉప ఎన్నిక జరుపవలెనని ప్రజాప్రాతినిధ్య చట్టము నిర్బంధించుచున్నది. వార్డు సభ్యుని విషయమున రాజ్యాంగము అట్టి గడువు పెట్టక రాష్ట్రముల చట్టములకు వదలినది. సర్పంచి పోయిన ఊరిని ఉపసర్పంచి నెట్టుకొనివచ్చును. ఊరివారును అలవాటు పడుదురు. ఆ అలవాటే నాకు భయము.

ఇక ఓటర్ల జాబితా. స్థానిక ఎన్నికలకు శాసనసభ జాబితానే వార్డులవారీగా విడదీసి వాడుచున్నారు. 2021లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీలకు వాడినది 2019 జనవరి 1 నాటి జాబితా. ఆ తేదీ తరువాత పదునెనిమిదేండ్లు నిండిన యువజనము తమ ఊరి సర్పంచిని ఎన్నుకొనలేకపోయిరి. కొత్త జాబితా వార్డులవారీగా సిద్ధము కాలేదన్నదే వారికి దొరికిన సమాధానము!

2022 నుండి ఏడాదికి నాలుగు అర్హత తేదీలు వచ్చినవి: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి దినములు. పదునేడు నిండినవారు ముందుగనే దరఖాస్తు పెట్టవచ్చును. మా తరగతిలో అడిగినచో ఈ సంగతి తెలిసినవారు ఇద్దరు ముగ్గురికి మించలేదు. హాస్టలు పిల్లలకైతే ఓటు ఊరిలోనా, ఇచటనా అని తికమక. ఎచట కోరిన అచటనే, కాని ఒక్కచోటనే. కళాశాల ప్రవేశపత్రముతోపాటు ఆరవ నమూనా పత్రమును చేతికిచ్చుట, శాసనసభ జాబితాలో చేరిన పేరు తనంత తానే వార్డు జాబితాలోనికి వెళ్ళునట్లు చేయుట, ఈ కంప్యూటర్ల కాలములో బ్రహ్మవిద్య యేమియు కాదు. ఆ వార్డు జాబితాను మూడు నెలలకొకసారి పంచాయతీ కార్యాలయము గోడపై అంటించినచో, చదువుకొన్న పిల్లవాడు తన పేరుతోబాటు అవ్వ పేరును కూడ వెదకిపెట్టును.