బ్యాటరీ పోయిందంటే ల్యాప్‌టాప్ పోయినట్టు కాదు

ముప్పై శాతం చార్జింగు ఉందని చూపిస్తా ఉంటది. దరఖాస్తు సగం నింపి ఉంటది. టక్కున ఆరిపోద్ది. రాసిందంతా గంగలో కలిసిపోద్ది. బటన్ నొక్కితే వెలగదు, చార్జరు పెడితే వెలుగుద్ది. పేటల్లో మన పిల్లలు వాడే పాత ల్యాప్‌టాప్‌లకు తరచుగా వచ్చే రోగం ఇది. చూపించుకోడానికి పోతే కొన్ని షాపుల్లో తీర్పు తయారుగా ఉంటది: "బోర్డు పోయింది, కొత్తది కొనుక్కో." ఆ మాట నమ్మి నెలల కూలి డబ్బు పోసే తల్లులున్నారు. కొనలేక పాతసామాన్ల బండికి వేసే వాళ్లున్నారు.

బ్యాటరీ ముసలిదవడం వేరు, మిషను చావడం వేరు. ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది ఉన్నోడు కాదు. వాడు కొత్తది కొనుక్కుంటాడు. నష్టపోయేది మనమే.

అసలు ఎందుకు ఆరిపోద్ది? పొలంలో మోటార్ల సంగతి మనకు తెలిసిందే. ఒక ట్రాన్స్‌ఫార్మరు మీద మోటార్లన్నీ ఒక్కసారే వేస్తే ఓల్టేజి పడిపోద్ది, స్టార్టరు ట్రిప్ అవుద్ది. కరెంటు లేక కాదు, లాగినంత ఇవ్వలేక. ల్యాప్‌టాప్‌లో ఉండే లిథియం బ్యాటరీ కథ కూడా అంతే. వాడేకొద్దీ దానిలో పట్టే శక్తి తగ్గిపోద్ది, లోపల అడ్డు పెరిగిపోద్ది. వీడియో పెట్టినప్పుడో, నాలుగు పనులు ఒక్కసారి తెరిచినప్పుడో మిషను గట్టిగా లాగుద్ది. ముసలి బ్యాటరీ ఆ లాగుడుకు తట్టుకోలేదు. ఓల్టేజి పడిపోయి మిషను ఆరిపోద్ది. మరి ముప్పై శాతం ఉందని చూపించింది కదా? ఆ అంకె గ్లాసులో నీళ్లు కొలిచినట్టు కొలిచింది కాదు, లెక్కగట్టి వేసిన అంచనా. బ్యాటరీ ముసలిదైతే అంచనా కూడా తప్పుద్ది.

ఇంకో సంగతి. గుంటూరు చుట్టూ ఇన్ని కోల్డ్ స్టోరేజీలు ఎందుకు కట్టారు? ఎండాకాలం వేడికి మిరపకాయ రంగు పోకుండా. బ్యాటరీకి కూడా వేడే శత్రువు. నిండా చార్జింగుతో వేడిలో పడి ఉండటం దానికి మరీ చేటు. మే నెలలో సిమెంటు రేకుల కింద ఇల్లు ఎలా కాగుద్దో నల్లపాడు వాళ్లకు ఒకరు చెప్పాలా? ఏసీ గదిలో బ్యాటరీ ఆయుష్షు, రేకుల ఇంట్లో బ్యాటరీ ఆయుష్షు ఒకటి కాదు. ఒకే మిషను, ఒకే ధర. మన దగ్గరే ముందు పోద్ది. వాడటం చేతకాక పాడు చేశారని మాట మాత్రం మన పిల్లల మీదే పడుద్ది!

అందుకే షాపుకు పోకముందే మనమే పరీక్ష చేద్దాం. చార్జరు పెట్టి ఒక గంట గట్టిగా వాడండి. చార్జరు ఉన్నంతసేపు బాగుండి, తీస్తే ఆరిపోతుంటే దోషం చాలామటుకు బ్యాటరీదే. చార్జరు ఉండగా కూడా ఆరిపోతుంటే వేరే చోట వెతకాలి. ఫ్యానులో పత్తి దూది, దుమ్ము పేరుకుని వేడెక్కుతుందేమో, చార్జరు వదులుగా ఉందేమో, ర్యామ్ కదిలిందేమో చూడాలి.

విండోస్ మిషనైతే లెక్క అదే చెప్పుద్ది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషు అక్షరాల్లో 'పవర్‌సీఎఫ్‌జీ' అని కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, 'బ్యాటరీరిపోర్ట్' అని కలిపి కొట్టండి. ఒక రిపోర్టు తయారవుద్ది, ఎక్కడ పెట్టిందో తెర మీదే చూపిస్తది. అందులో రెండు అంకెలు చూడండి. డిజైన్ కెపాసిటీ అంటే కొత్తలో పట్టిన శక్తి. ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు పడుతున్న శక్తి. మొదటిది 40,000, రెండోది 18,000 ఉందనుకోండి, సగానికన్నా తక్కువ మిగిలిందన్నమాట. ఆ కాగితం చేత్తో పట్టుకుని షాపుకు పోండి. "బోర్డు పోయింది" అన్నోడిని "ఈ లెక్క చూసి చెప్పయ్యా" అని అడగండి.

అంకె ఒక్కటే తప్పు చూపిస్తుంటే ఒకసారి నిండా చార్జి చేసి, బాగా తగ్గేదాకా వాడి, మళ్లీ నిండా చేస్తే అంచనా సర్దుకోవచ్చు. దానితో ముసలి బ్యాటరీ పడుచుదవదు. మార్చాల్సిందే. కొత్త ల్యాప్‌టాప్ ధరతో చూస్తే బ్యాటరీ ధర చాలా తక్కువ. మోడల్ నంబరు, ఓల్టేజి సరిచూసి, బీఐఎస్ గుర్తు ఉన్నదే తీసుకోండి. మార్చేదాకా చార్జరు పెట్టుకునే పని చేయండి, రాసింది అప్పుడప్పుడు సేవ్ చేస్తా ఉండండి.

ఒక్క హెచ్చరిక. బ్యాటరీ ఉబ్బితే టచ్‌ప్యాడ్ పైకి లేస్తది, మూత సరిగా పడదు. అప్పుడు వాడకండి, చార్జి పెట్టకండి. నొక్కొద్దు, పొడవొద్దు, చెత్తలో వేయొద్దు. అంటుకుంటది. తెలిసిన మెకానిక్ చేతే తీయించండి.

ఇంతవరకు మనం చేసుకునే పని. ఇక అడగాల్సింది ఉంది. 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీల్లో పల్లెటూరి పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. 2022 డిసెంబరులో బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. మంచిదే. కానీ వాటిలో ఉన్నదీ లిథియం బ్యాటరీయే, మూడు నాలుగేళ్లకు నీరసపడేదే. పంచిన రోజు సభలు పెట్టారు, ఫొటోలు దిగారు. బ్యాటరీ పోయిన రోజు ఎవరి దగ్గరకు పోవాలి? గొడ్డును ఇచ్చి మేత మన నెత్తిన పెట్టడం ఇది. ఇకముందు మిషను ఇచ్చే ప్రతి పథకంలో బ్యాటరీ మార్పిడి ఖర్చు కూడా కలపాలి. యూరప్ దేశాల్లో 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి బ్యాటరీలు వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలని చట్టం చేశారు. మనకెందుకు వద్దు? పాత బ్యాటరీలు సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారుచేసినవాడిదేనని 2022లో మన కేంద్రమే నిబంధనలు తెచ్చింది. ఆ సేకరణ మండల కేంద్రం దాకా రావాలి.

నల్లపాడులోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. నెలకొక ఆదివారం అక్కడి పిల్లలు, మన పేటల పిల్లలు కలిసి కూర్చుంటే పాత మిషన్లు ఎన్ని లేచి నడుస్తాయో చూడండి. బాగుచేయడం మనకు కొత్త విద్య కాదు. ఊరి మోటకు తోలు తిత్తి కుట్టిందీ, చిరిగితే మాటు వేసిందీ మన తాతల చేతులే. ఆ పనికి గింజలు కొలిచారు గానీ విద్య అని పేరు పెట్టలేదు. ఈసారి స్క్రూడ్రైవరు మనమే పడదాం, పేరు కూడా మనమే పెడదాం.

ఈ కాగితం చదివిన ప్రతి కార్యకర్త తన పేటలో మూలనపడ్డ ల్యాప్‌టాప్ ఒక్కదాన్నయినా బయటికి తీయించి, దుమ్ము దులిపి, పరీక్ష పెట్టించాలి. పారేసేముందు ఒక్కసారి చార్జరు పెట్టి చూడండి.